బుల్లెట్ బండి – దాని సీటు కథ

ఫీల్డు ఉద్యోగాలు చేసిన మిత్రులకు బుల్లెట్ గురించి వేరే చెప్పనక్కరలేదు. ఆ బండి చరిత్ర చాలామంది రాశారు. దానికి మనం తగిలించుకున్న సరంజామా చరిత్ర మాత్రం నేనెక్కడా చదవలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్, మన మద్రాస్ మోటార్స్ కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించాయి. మొదట్లో విడిభాగాలు అక్కడినుంచి తెప్పించి మద్రాసులో బిగించేవారు. తరువాత తిరువొత్తియూరు ఫ్యాక్టరీలోనే బండి పూర్తిగా తయారైంది. సైన్యం, పోలీసు శాఖ మోజుపడిన బండి అది. 346 సి.సి. ఇంజనుకు వంక పెట్టలేం. వచ్చిన చిక్కల్లా సీటుతోనే.

1974లో నేను కొన్న పాత బండికి ముందొకటి, వెనకొకటి విడి సీట్లుండేవి. కంకర రోడ్ల మీద రోజుకు 60, 70 కి.మీ. క్యాంపు తిరిగితే టి.ఏ. బిల్లు పెట్రోలుకు వచ్చేది గాని నడుం నొప్పికి వచ్చేది కాదు. అందరం సీట్లు కుట్టే షాపుకే పరుగెత్తేవాళ్లం. ఆ పనివాళ్లు ఏ కాలేజీలోనూ చదవలేదు, కాని వాళ్ల లెక్క గట్టిది. ఒట్టి మెత్తటి స్పాంజి వేస్తే బరువుకు అణిగిపోయి అడుగు రేకు తగులుతుంది. కనుక కింద గట్టి పొర, పైన మెత్తటి పొర వేసేవారు. తొడల కింద వెడల్పు పెంచి, ట్యాంకు దగ్గర సన్నం చేసేవారు. లేకపోతే బండి ఆపినప్పుడు పొట్టివాళ్లకు కాలు నేలకానదు.

వెనక కూర్చునే ఇల్లాలి సంగతి వేరు. ఆ పాత బుల్లెట్‌కు చైను ఎడమవైపే, చీర కట్టుకున్నవారు కాళ్లు వేలాడేసేదీ ఎడమవైపే. అందుకని శారీ గార్డు అలంకారం కాదు, ప్రాణరక్షణ. 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వ నిబంధన పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకునే ఆధారం, వెనక చక్రంలో కనీసం సగం కప్పే రక్షణ తప్పనిసరి చేసింది.

ఇక కొలతల పుస్తకాలకు, టిఫిను క్యారియరుకు సైడు బాక్సులు. రెండువైపులా బరువు సమంగా ఉండాలి. అంతా వెనకే కుక్కితే ముందు చక్రం తేలికై హ్యాండిలు ఊగుతుంది.

సీటు మార్చడం ఒక ఎత్తు, బండినే మార్చడం ఇంకొక ఎత్తు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషనులోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా మార్పు చేయరాదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. ఇళ్లలో కుర్రకారు ఉన్నవారు గమనించగలరు.

1994లో కంపెనీ ఐషర్ చేతికి వెళ్లింది. 2016లో దూరప్రయాణాల కోసమే హిమాలయన్ బండి తెచ్చారు. టూరింగు సీట్లు, సామాను పెట్టెలు ఇప్పుడు కంపెనీయే అమ్ముతోంది. మా మనవడు అలాంటి సీటొకటి వేయించాడు. మా ఆవిడ కూర్చుని చూసి, మన పాత సీటే వెడల్పుగా ఉండేదని తేల్చేసింది.