ఆనకట్ట కింద ఆగిపోయిన పులస



గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే మన వైపు రెండే మాటలు. ఒకటి నాట్లు, రెండోది పులస. మన నాట్లకి నీళ్ళిచ్చిన గోడే పులసకి దారి మూసింది. ఈ సంగతి మనలో చాలామందికి తెలీదు. కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు చేప సంగతి చెప్తాను. పులస వేరే జాతేం కాదండి. సముద్రంలో ఉన్నంతకాలం దాన్నే విలస అంటాం, బెంగాలీవాళ్ళు ఇలిష్ అంటారు. బంగాళాఖాతంలో మందలుగా తిరుగుతుంది. నీళ్ళలో ఉండే సన్న నాచునీ, కంటికి ఆనని పురుగుల్నీ మొప్పల దగ్గర జల్లెడ పట్టినట్టు వడకట్టుకుని తింటుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద సముద్రంలో కలుస్తుంటే, ఆ నీటికి ఎదురీదుకుంటూ ఏట్లోకి వస్తుంది. గుడ్లు మంచినీళ్ళలోనే పెట్టాలి మరి.

పెద్ద ఆడచేప ఒక్కటే పది లక్షలకి పైగా గుడ్లు పెట్టగలదు. రోజు అటూ ఇటూగా గుడ్డు పిల్లవుతుంది. ఆ పిల్లలు కొన్ని నెలలు ఏట్లోనే పెరిగి, ఆ తర్వాత సముద్రం చేరతాయి. పెద్దయ్యాక మళ్ళీ ఏరెక్కుతాయి. అంటే దానికి సముద్రమూ కావాలి, ఏరూ కావాలి, రెండింటి మధ్యా దారీ కావాలి.

ఇప్పుడు చరిత్రకి వద్దాం. 1833 నాటి కరువు, 1839 ఉప్పెన మన గోదావరి సీమని చితక్కొట్టేశాయి. ఆ తర్వాత ఆర్థర్ కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టారు. 1852కి పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, ఇలా నాలుగు ముక్కలుగా ఏటికి అడ్డంగా కట్టారు. ఆ నీళ్ళతో మన తాతలు బతికారు, మనమూ సార్వా, దాళ్వా పండించుకుంటున్నాం. అందులో రెండో మాట లేదు. అయితే విలస గోడలు దూకే చేప కాదు. ఎదురీదుకుంటూ వచ్చి ఆనకట్ట కింద ఆగిపోయింది. ఆగిన చోట వలలు కాపు కాశాయి.

చిత్రమేంటంటే, ఆనకట్టల వల్ల చేపలకి నష్టమేమో చూడమని 1860ల చివర్లో పైవాళ్ళకి రాసింది కాటన్ దొరే. ఆ పని ఫ్రాన్సిస్ డే అనే డాక్టరు గారి చేతికొచ్చింది. ఆయన దేశం తిరిగి చూసి, 1873లో అచ్చయిన నివేదికలో ఏరెక్కే చేపలకి ఆనకట్టలు అడ్డమనీ, వాటికి దారి వదలాలనీ రాశారు. పాత ఆనకట్ట స్థానంలో 1982కి కొత్త బ్యారేజీ వచ్చింది. ఇప్పటికీ మన పులస వేట బ్యారేజీకి దిగువే, యానాం, అంతర్వేది మొగల దాకా.

గంగ మీదా ఇదే జరిగింది. ఒకప్పుడు ఈ చేప అలహాబాదు దాకా పోయేది. 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక పైన దాదాపు కనబడకుండా పోయింది.

బంగ్లాదేశ్ వాళ్ళు మాత్రం మేలుకున్నారు. గుడ్లు పెట్టే కాలంలో, అక్టోబరు ప్రాంతాల్లో, 22 రోజులు వేట ఆపేస్తున్నారు. 25 సెంటీమీటర్ల లోపు పిల్లల్ని నవంబరు నుంచి జూన్ దాకా పట్టనివ్వరు. వేట ఆగినప్పుడు జాలరి కుటుంబాలకి ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. చేపని కాపాడాలంటే జాలరి కడుపూ చూడాలి కదండీ.

పుస్తెలమ్మైనా పులస తినాలని మనోళ్ళంటారు. ఆ సామెత పుట్టించినవాళ్ళు, చేపకి ఇంత కరువొస్తుందని అనుకుని ఉండరు. మనం కొనేది చాలావరకు గుడ్డు చేపే. ఒక్క చేప కూరతో ఎన్ని లక్షల గుడ్లు పోతున్నాయో మీరే లెక్కేయండి.

ఆనకట్ట తీసెయ్యమని నేననను, అదే మన అన్నం. మన చేతిలో ఉన్నవి చేద్దాం. మందు కొట్టాక డబ్బాలు, స్ప్రేయర్లు కాలువలోనూ మురుగు కోడులోనూ కడగొద్దు. ఆ నీళ్ళు చివరికి చేరేది ఏట్లోకీ సముద్రంలోకే. సన్నకన్ను వలలో పడ్డ పిల్లల్ని బజార్లో కొనొద్దు. కొనేవాడు లేకపోతే పట్టేవాడూ ఉండడు.

మీ ఊళ్ళో పెద్దోళ్ళు పాతరోజుల పులస గురించి చెప్పినవి ఏమైనా ఉంటే కింద రాయండి. వాళ్ళున్నప్పుడే అడిగి తెలుసుకోవాలి.