డిక్కీ మీద రెక్క: ఎక్కడ పుట్టింది, ఎట్లా అతకాలి

అమెరికా వచ్చి సెకండ్ హ్యాండ్ క్యామ్రీయో కరోలానో కొన్నాక మనోళ్లకు పుట్టే సరదాల్లో డిక్కీ మీద స్పాయిలర్ ఒకటి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తాం. బాడీ షాపువాడు లేబర్ చార్జీ చెప్పగానే కళ్లు తిరుగుతాయి. శనివారం ఇంటి ముందు మనమే అతికిద్దాం అనుకుంటాం. మంచిదే. కాకపోతే ఆ రెక్క మన డిక్కీ దాకా ఎట్లా వచ్చిందో తెలిస్తే, అతికేటప్పుడు ఎక్కడ జాగ్రత్త పడాలో కూడా తెలుస్తుంది. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

ముందు పేరు సంగతి. స్పాయిల్ అంటే చెడగొట్టడం. శంషాబాద్‌లో విమానం దిగేటప్పుడు కిటికీ పక్కన కూర్చుంటే చూసే ఉంటాం, చక్రాలు నేలకు తగలగానే రెక్క మీద పలకలు పైకి లేస్తాయి. అవీ స్పాయిలర్లే. రెక్కను పైకెత్తే గాలి వాటాన్ని చెడగొట్టి, విమానం బరువును చక్రాల మీదకు తెస్తాయి. కారుదీ అదే తంటా. పైకప్పు వంపు మీదుగా గాలి జోరుగా పోతుంటే వెనక భాగం తేలికవుతుంది, టైర్ల పట్టు సడలుతుంది.

రేసు కార్లలో దీన్ని మొదలుపెట్టిన ఘనత ఎక్కువమంది రిచీ గింథర్‌కు ఇస్తారు. కాలిఫోర్నియా మనిషి, విమానాల పని తెలిసినవాడు, బతుకుతెరువు కోసం ఇటలీ వెళ్లి ఫెరారీలో డ్రైవర్‌గా చేరాడు. 1961లో ఫెరారీ 246 ఎస్పీ వెనక అంచున ఒక చిన్న రేకు నిలబెడితే కారు నిలకడగా పోయింది. అంతే, కథ మొదలైంది.

తర్వాతి అడుగు టెక్సాస్‌లో పడింది. డాలస్ నుంచి పడమరకు ఐదు గంటలు పోతే మిడ్‌లాండ్ వస్తుంది. చమురు బావుల ఊరు. అక్కడ జిమ్ హాల్ అనే ఇంజనీరు 1966లో చాపరల్ 2ఈ కారు మీద నిలువెత్తు కమ్మీలు పెట్టి వాటిపైన రెక్క బిగించాడు. విమానం రెక్కను తలకిందులు చేసినట్టు. ఆ కమ్మీలు బాడీకి కాదు, నేరుగా వెనక చక్రాల దగ్గర కూర్చున్నాయి. ఆ కారుకు క్లచ్ పెడల్ లేదు కాబట్టి డ్రైవర్ ఎడమ కాలు ఖాళీ. ఆ కాలితోనే రెక్కను వంచేవాడు. మిడ్‌లాండ్ పెట్రోలియం మ్యూజియంలో చాపరల్ కార్లు పెట్టారు, టెక్సాస్‌లో ఉన్నోళ్లు ఒకసారి చూడొచ్చు.

అది చూసి ఫార్ములా వన్ వాళ్లూ పోటీపడి ఎత్తు రెక్కలు పెట్టారు. 1969 మే 4, బార్సిలోనాలో మోంజుయిక్ సర్క్యూట్. లోటస్ జట్టు రెండు కార్లకూ ఒకే రేసులో రెక్కలు కూలాయి. ముందు గ్రాహం హిల్ పక్కనున్న ఇనుప కంచెకు గుద్దుకున్నాడు. తర్వాత యోకెన్ రింట్ కూడా అదే చోట గుద్దుకుని ఆస్పత్రి పాలయ్యాడు. రెండు వారాలకు మొనాకోలో ప్రాక్టీసు మధ్యలోనే ఆ ఎత్తు రెక్కల్ని నిషేధించారు. అక్కడ గాలి లెక్క తప్పలేదు. మోసే కమ్మీలు ఆ బరువుకు ఆగలేదు. మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

అదే ఏడాది డాడ్జ్ చార్జర్ డేటోనా వచ్చింది, డిక్కీ మీద 23 అంగుళాల ఎత్తు రెక్కతో. 1970 మార్చిలో టల్లడేగా ట్రాక్ మీద బడీ బేకర్ దాన్ని గంటకు 200 మైళ్లు దాటించాడు. మామూలు రోడ్డు కారుకు కూడా స్పాయిలర్ అవసరమేనని తేలిన సందర్భం ఆడి టీటీ. జర్మనీ ఆటోబాన్ మీద అతివేగంలో ప్రమాదాలు జరిగాక, కంపెనీ కార్లను వెనక్కి పిలిచి స్పాయిలర్ బిగించి ఇచ్చింది.

మరి మన క్యామ్రీకి? గాలి తోపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 200 మైళ్ల దగ్గర ఉన్న తోపులో 65 మైళ్ల దగ్గర మిగిలేది పదో వంతు. పైగా మన కార్లు ముందు చక్రాలతో లాగేవి. కాబట్టి ఇది అందం కోసమే. అందులో తప్పేముంది? 1990లలో దక్షిణ కాలిఫోర్నియాలో జపాన్, ఫిలిప్పీన్స్, చైనా, వియత్నాం నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు అమ్మానాన్నల హోండా సివిక్‌లకు ఇంట్లోనే రెక్కలు బిగించి, ఈ రోడ్డు మీద మేమూ ఉన్నాం అన్నారు. 2001లో వచ్చిన ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ ఆ సరదానే ఊరూరా చేర్చింది. ఎడ్ల కొమ్ములకు రంగులేసిన ఊళ్ల నుంచి వచ్చిన మనకు ఇది అర్థం కాకపోదు.

ఇక అతికే పని. దీనికీ చరిత్ర ఉంది. కార్లకు రెండు రంగులు వేసేటప్పుడు గీత చెదరకుండా ఉండాలని 1925లో 3ఎం ఉద్యోగి రిచర్డ్ డ్రూ మాస్కింగ్ టేప్ తయారుచేశాడు. మనం స్పాయిలర్ చోటు గుర్తుపెట్టుకునేది ఆ టేపుతోనే. డిక్కీ మధ్య గీత కొలిచి, రెండు వైపులా సమానం చూసి, టేపు అంటించి గుర్తులు పెట్టాలి. అసలు బరువు మోసే రెండు వైపుల జిగురు టేపు, వీహెచ్‌బీ, 1980లో వచ్చింది. అది రంగు మీద అంటాలంటే మైనం, నూనె, దుమ్ము ఏవీ ఉండకూడదు. సబ్బుతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చలిగా ఉంటే ఆ పని పెట్టుకోవద్దు. న్యూజెర్సీ, షికాగోలో ఉన్నోళ్లు ఎండాకాలం దాకా ఆగండి. గట్టిగా అదిమి పట్టాలి. పూర్తి పట్టు రావడానికి 72 గంటలు పడుతుంది. ఆ మూడు రోజులు హైవే వద్దు, కార్‌వాష్ వద్దు.

స్క్రూల రకం అయితే డ్రిల్ చేసిన రంధ్రం అంచులకు రంగు పూయాలి, లేకపోతే తుప్పు, లోపలికి వాన నీళ్లు. ఇంకొకటి, 1986 మోడల్ నుంచి ఇక్కడ కార్లకు మూడో బ్రేక్ లైటు తప్పనిసరి. రెక్క దానికి అడ్డం రాకూడదు.

బార్సిలోనాలో రెక్క కూలితే గుద్దుకోవడానికి ఇనుప కంచె ఉంది. మన రెక్క 70 మైళ్ల వేగంలో ఊడితే పడేది వెనక వచ్చే కారు అద్దం మీద. అందులో ఇంకొక సంసారం ఉంటుంది, మనలాగే డ్యూటీ దిగి ఇంటికి పోతూ. మూడు రోజులు ఆగడం పెద్ద కష్టం కాదు.