ప్రగల్భముల ఋతువు

డిసెంబరు చివరి వారము మొదలుకొని ఫిబ్రవరి రెండవ ఆదివారము వరకు అమెరికా దేశమున ఒక జాతి క్రీడాభిమానికి రెండు పనులు తప్పనివిగా నుండును. మొదటిది, ఫుట్‌బాల్ ప్లేఆఫ్ పట్టికను ముందఱ పెట్టుకొని ఏ జట్టు ఏ జట్టును గెలుచునో, కడపట సూపర్ బౌల్ ఎవరికి దక్కునో జోస్యము చెప్పుట. రెండవది, గడచిన యేటి ర్యాప్ ఆల్బములను వరుసగా పేర్చి, ఇది ప్రథమము, ఇది ద్వితీయము అని తీర్పు వ్రాయుట. ఒకే మనిషి ఒకే సాయంకాలమున ఈ రెండు పనులును ఒకే పట్టుదలతో చేయుచుండగా చూచినవారికి, ఈ ఆటకును ఆ పాటకును ఏమి చుట్టరికమని సందేహము కలుగక మానదు. ఆ చుట్టరికము ప్రగల్భమువలన ఏర్పడినదని నా అభిప్రాయము. జరుగబోవుదానిని జరిగినట్లే చెప్పి, పదుగురి యెదుట తన పరువును మాటపై ఒడ్డుట ఆ జోస్యమునకును ఈ గానమునకును సమానముగా ప్రాణము.

ఇచట ఫుట్‌బాల్ అనగా మన ఊళ్లలో పిల్లలు కాలితో తన్ను బంతియాట కాదు. రెండు కొనలు మొనదేలిన బంతిని చంకనిడుకొని పరుగెత్తుచు, చేతితో విసరుచు, నూరు గజముల మైదానమును గజము గజముగా జయించుకొను ఆట. దాని వృత్తి సంఘము 1920 సెప్టెంబరు 17వ తేదీన ఒహాయో రాష్ట్రమందలి క్యాంటన్ పట్టణమున, రాల్ఫ్ హే అను వర్తకుని కార్ల అంగడిలో పుట్టినది. వచ్చిన ప్రతినిధులకు కుర్చీలు చాలక కొందఱు కార్ల ఫుట్‌బోర్డులమీదనే కూర్చుండి సమావేశము నడిపిరి. ఆ తొలి సంవత్సరపు విజేతను మైదానమున గాక, మఱుసటి యేడు ఏప్రిలులో సభ్యులు కూడి ఓటుతో నిర్ణయించి ఏక్రన్ జట్టునకు ఆ గౌరవము నిచ్చిరి. కడపటి పోరే లేనప్పుడు దానిని గూర్చి జోస్యమెవరు చెప్పుదురు?

ప్లేఆఫ్ అను ఆచారము ఒక యాదృచ్ఛిక సంఘటనమువలన వచ్చినది. 1932లో షికాగో బేర్స్, పోర్ట్స్‌మౌత్ స్పార్టన్స్ అను రెండు జట్లు సమానముగా నిలిచినందున, వాటి నడుమ అదనముగా ఒక ఆట నాడింపవలసి వచ్చెను. డిసెంబరు 18న షికాగోలో మంచును చలియు మితిమీఱి యుండుటచే ఆటను షికాగో స్టేడియమను కప్పుగల భవనములోనికి మార్చిరి. అంతకుముందు అచట సర్కసువారు పఱచిన మన్నే మైదానమైనది. నూరు గజములకు మాఱు ఎనుబది గజములే దొరకినవి. ఆ యిఱుకున బేర్స్ 9–0తో గెలిచిరి. జనులు చూపిన ఉత్సాహము సంఘపు పెద్దలకు కన్ను తెఱపించినది కాబోలు, 1933 నుండి జట్లను రెండు భాగములుగా విభజించి, ఆ భాగముల విజేతలకు ఏటేటా తుది సమరము పెట్టిరి. అది మొదలు ప్లేఆఫ్ పట్టిక పెరుగుచునే యున్నది: 1970లో ఎనిమిది జట్లు, 1978లో పది, 1990లో పండ్రెండు, 2020లో పదునాలుగు. పట్టిక పెరిగిన కొలది జోస్యులకు పని పెరిగినది.

వారి జోస్యములు ఏల తప్పుచుండునన్నచో, బేస్‌బాల్‌లో వలె ఏడాటలలో నాల్గు గెలిచినవాడు విజేత యను నియమము ఈ ఆటకు లేదు. ఒక్క ఆట, ఒక్క ఓటమి, అంతటితో ఆ యేటి కథ ముగియును. 1972 డిసెంబరు 23న పిట్స్‌బర్గులో ఇంక ఇరువదిరెండు క్షణములే మిగిలియున్న వేళ, ఓక్లండ్ రేడర్స్ గెలుపు ఖాయమని అందఱును తలచుచుండగా, పిట్స్‌బర్గ్ ఆటగాడు బ్రాడ్షా విసరిన బంతి నడుమ ఢీకొని వెనుకకు ఎగిరి నేలకు తాకబోవుచుండ అతని జట్టువాడైన ఫ్రాంకో హారిస్ దానిని అందుకొని పరుగెత్తి 13–7తో ఆటను తలక్రిందులు చేసెను. అట్టి ఆటకు గణితము కట్టుట సాహసమే. అయినను కట్టినవారు లేకపోలేదు. ఎవరు గెలుతురను ప్రశ్నకు బదులు ఎన్ని పాయింట్ల తేడాతో గెలుతురను ప్రశ్నపై పందెము కట్టించు పద్ధతిని 1940 దశకమున షికాగోలో ప్రచారమునకు తెచ్చినవాడు చార్లెస్ మెక్‌నీల్ అను గణితజ్ఞుడని చెప్పుదురు. దీనివలన బలహీనపు జట్టుపైనను పందెము కట్టువారు దొరకిరి. సంఘమునకు మాత్రము జూదమనిన పైకి పరమ అసహ్యము. పందెములు కట్టినందుకు 1963లో పాల్ హార్నుంగ్, ఆలెక్స్ కరాస్ అను మేటి ఆటగాండ్రను ఒక యేడు ఆటకు దూరము చేసిరి. అట్లుండగనే 1976 నుండి 1988 వరకు సి.బి.ఎస్. టెలివిజన్‌లో జిమ్మీ ది గ్రీక్ అను పందెగాడు ప్రతి ఆదివారమును జోస్యము చెప్పుచుండ దేశమంతయు వినుచుండెను. నల్లజాతి ఆటగాండ్రనుగూర్చి ఆడరాని మాట లాడినందున అతని కొలువు పోయినదే కాని, జోస్యము చెప్పినందుకు కాదు.

అయితే ఇవన్నియు బయటివారి జోస్యములు. ఆడువాడే జోస్యము చెప్పిన కథ 1969 జనవరిది. అప్పటికి జరిగిన రెండు సూపర్ బౌల్ ఆటలను పాత సంఘమునకు చెందిన గ్రీన్ బే ప్యాకర్స్ 35–10తోను, 33–14తోను అవలీలగా గెలిచియుండుటచే, దానికి పోటీగా వెలసిన కొత్త సంఘపు జట్టైన న్యూయార్క్ జెట్స్ మూడవదానిని గెలుచునని తలచినవారు అరుదు. బాల్టిమోర్ కోల్ట్స్‌కు పందెగాండ్రు పదునెనిమిది పాయింట్ల ఆధిక్యము కట్టిరి. ఆటకు మూడు దినములు ముందు మయామీలోని ఒక విందులో జనములోనుండి ఎవడో ఎకసెక్కెము చేయగా, జెట్స్ జట్టున బంతి విసరు క్వార్టర్‌బ్యాక్ జో నేమత్ లేచి, ఆదివారము మేము గెలుచుట నా హామీ అనెను. ఈ మాట విని ఆ జట్టు శిక్షకుడు వీబ్ యూబ్యాంక్ సంతోషింపలేదు. ప్రత్యర్థిని రెచ్చగొట్టుట ఏ శిక్షకునికి రుచించును? జనవరి 12న జెట్స్ 16–7తో గెలిచిరి. ఓడియున్నచో ఆ మాట ఉత్తరకుమార ప్రగల్భమై మఱుసటి వారమే మఱపున పడియుండెడిది. గెలిచినందున అది చరిత్రకెక్కినది. నాటినుండి గెలుపునకు ముందే గెలుపును చాటుట ఆటగానికి దోషము కాక వేషమైనది.

నాలుగేండ్ల తరువాత, ఫుట్‌బాల్ ఊసే లేని చోట, ఆ వేషమునకు తగిన గొంతు పుట్టినది. న్యూయార్క్ నగరమందలి బ్రాంక్స్ ప్రాంతము నప్పటికే రాబర్ట్ మోజెస్ వేయించిన మహామార్గము రెండుగా చీల్చి, వేలాది కుటుంబములను లేవగొట్టి, మిగిలినవారిని పాడుబడుచున్న యిండ్ల నడుమ వదలినది. అచట సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520వ నంబరు భవనపు క్రింది అంతస్తు గదిలో 1973 ఆగస్టు 11వ తేదీన, బడులు తెఱచునాటికి కొత్త బట్టలు కొనుటకు సొమ్ము కావలసిన సిండీ క్యాంబెల్ అను బాలిక ఒక వేడుక పెట్టినది. ప్రవేశ రుసుము ఆడపిల్లలకు పాతిక సెంట్లు, మగపిల్లలకు ఏబది. పాటలు వేసినవాడు జమైకాలో పుట్టిన ఆమె అన్న క్లైవ్, లోకమునకు కూల్ హెర్క్. పాటలో గాత్రము ఆగి డ్రమ్ములు మాత్రమే మ్రోగు ఘట్టమున జనులు ఎక్కువ ఉత్సాహముతో ఆడుటను కనిపెట్టి, ఒకే రికార్డు ప్రతులు రెండింటిని రెండు యంత్రములపై నుంచి, ఆ ఘట్టమునే మరల మరల పొడిగించుట అతని ఉపాయము. ఆ డ్రమ్ములపై మైకు పట్టి స్నేహితుల పేర్లు పిలుచుచు, తన గొప్ప తాను చెప్పుకొనుచు, ప్రాసలు కూర్చుచు పలికిన పలుకులే ర్యాప్ అయినవి.

ఆరంభమునుండియు ఇది పోటీ కళ. 1981 డిసెంబరులో హార్లెం వరల్డ్ అను నాట్యశాలలో బిజీ బీ అను జనరంజకుని కూల్ మో డీ అనువాడు అప్పటికప్పుడు ప్రాసలతో దుమ్మెత్తి పోసి ఓడించిన రాత్రిని ఆ విద్య తెలిసినవారు ఇప్పటికిని చెప్పుకొందురు. మీసములు పెంచి, మమ్ము గెలిచినవారున్నచో వీనిని తీసివేయుదుమని సభలలో సవాలు చేసిన తిరుపతి వేంకటకవుల నెఱిగిన తెలుగువారికి ఈ ధోరణి వింతగా తోపదు. మనవారిలో పెక్కుమందికి ర్యాప్ అను పేరు 1994లో ‘ప్రేమికుడు’ చిత్రమందలి పేట ర్యాప్ మూలమున చెవిని బడినది గాని, అందు హాస్యమే కాని పోటీ లేదు. ర్యాప్ మొదట పొగడిన ఆట బాస్కెట్‌బాల్. కర్టిస్ బ్లో 1984లో దానిపై ఒక పాటనే చేసెను. దానికి కారణము సులభము. వీధి మూలలో ఒక ఇనుప వలయ మున్న చాలును బాస్కెట్‌బాల్ ఆడవచ్చును. ఫుట్‌బాల్‌కు విశాలమైన పచ్చిక, శిరస్త్రాణములు, కవచములు, ఇరువదిరెండు మంది మనుషులు కావలెను. బ్రాంక్స్‌లో అవి ఎక్కడివి?

కావున ర్యాప్ ఫుట్‌బాల్‌ను వెదకుకొనుచు పోలేదు. ఫుట్‌బాలే ర్యాప్ కడకు వచ్చినది. 1985లో పండ్రెండాటలు వరుసగా గెలిచిన షికాగో బేర్స్, ఇంకను సూపర్ బౌల్ మెట్టు ఎక్కకయే, ‘సూపర్ బౌల్ షఫుల్’ అను ర్యాప్ పాటను పాడి పెట్టిరి. డిసెంబరు 2వ తేదీ రాత్రి మయామీలో 38–24తో ఆ యేటికంతకును ఒకే యొక ఓటమి తగిలినది. ఆ మఱునాడే దృశ్యచిత్రణ. తల వంచుకొనవలసిన దినమున నిలువెత్తు ఆటగాండ్రు నల్లకళ్లద్దములు పెట్టుకొని, కాళ్లు తడబడ నాట్యమాడుచు, తాము జగజ్జేతలమని పాడవలసి వచ్చినది. మిక్కిలి పేరుగల వాల్టర్ పేటన్, జిమ్ మెక్‌మాన్ ఆ దినమున రాలేదు. వారి భాగములను పిమ్మట తీసి అతికించిరి. కవిత్వముగా చూచిన ఆ పాటలో మెచ్చదగిన దేమియు లేదు, తాళజ్ఞానము అంతకంటె తక్కువ. ఐనను బిల్‌బోర్డ్ పట్టికలో 41వ స్థానమున కెక్కి, గ్రామీ పురస్కారమునకు పరిశీలింపబడి, ప్రిన్స్ పాటకు ఓడినది. లాభములో కొంత నగరమందలి బీదల కిచ్చిరి. అటుపిమ్మట జరిగినదే విశేషము: ప్లేఆఫ్‌లో న్యూయార్క్ జెయింట్స్‌ను 21–0తో, లాస్ ఏంజెలెస్ ర్యామ్స్‌ను 24–0తో, 1986 జనవరి 26న న్యూ ఆర్లియన్స్‌లో పేట్రియట్స్‌ను 46–10తో చిత్తు చేసి పాటను నిజము చేసిరి. మఱుసటి యేడు ర్యామ్స్‌వారును ఒక పాట పాడిరి. వారికి సూపర్ బౌల్ దక్కలేదు.

ఇక రేడర్స్ కథ వేఱు. యజమాని ఆల్ డేవిస్ సంఘముతో న్యాయస్థానమున పోరాడి 1982లో ఆ జట్టును ఓక్లండ్ నుండి లాస్ ఏంజెలెస్‌కు తరలించెను. 1984 జనవరిలో అది వాషింగ్టన్‌ను 38–9తో ఓడించి సూపర్ బౌల్ గెలిచినది. లాస్ ఏంజెలెస్‌కు దక్షిణమున నున్న కాంప్టన్‌లో ఈజీ ఈ, ఐస్ క్యూబ్, డాక్టర్ డ్రే మున్నగువారు ఎన్.డబ్ల్యు.ఏ. అను పేర కూడి, పోలీసుల దౌర్జన్యమును వీధి హింసను ఏ మెఱుగును పూయక పాడసాగినది ఆ దశకపు చివరనే. నలుపును వెండి వన్నెయు గల రేడర్స్ టోపీలను కోటులను వారు తొడిగిరి. సంఘము ఆజ్ఞను ధిక్కరించిన జట్టునకును సమాజము వెలివేసిన గాయకులకును రంగులు కలిసినవి. 1989లో ఆ బృందపు పాట నొకదానిని ఆక్షేపించుచు ఎఫ్.బి.ఐ. అధికారి ఒకడు రికార్డు సంస్థకు లేఖ వ్రాయగా, ఆ లేఖయే వారికి గొప్ప ప్రకటన యైనది. కొన్ని బడులలో రేడర్స్ దుస్తులను నిషేధించిరి. నిషేధించిన కొలది అవి అమ్ముడుపోయినవి. జట్టు మాత్రము 1995లో ఓక్లండ్‌కు మరలిపోయినది. మైదానమున అది 1984 తరువాత మఱియొక సూపర్ బౌల్ గెలువలేదు. టోపీగా మాత్రము నేటికిని ఓడలేదు. ఐస్ క్యూబ్ 2010లో ఈ బాంధవ్యముపై ఒక డాక్యుమెంటరీ చిత్రమే తీసెను.

సంవత్సరాంతపు తీర్పుల ఆచారమును ఈ సందర్భముననే చెప్పవలెను. న్యూయార్క్‌లోని ‘విలేజ్ వాయిస్’ పత్రిక 1971లో రాబర్ట్ క్రిస్ట్‌గౌ పూనికతో విమర్శకుల ఓటు పద్ధతి నొకదానిని ఆరంభించినది. ఒక్కొక్క విమర్శకునికి నూరు పాయింట్లు. వానిని పది ఆల్బములకు పంచవలసియుండెను. ఒక్కదానికి ముప్పదికి మించియు, ఐదుకు తగ్గియు ఈయరాదను నియమముండెను. ఈ లెక్కలో 1982లో ఉత్తమ గీతముగా గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందపు ‘ది మెసేజ్’ నిలిచినది. 1988లో పబ్లిక్ ఎనిమీ ఆల్బము మొదటి స్థానము గెలిచినది. ఆ యేడే పుట్టిన ‘ది సోర్స్’ పత్రిక నక్షత్రములకు మాఱు మైకుల గుర్తులతో ఆల్బములను తూచెను. ఐదు మైకులు దక్కుట అపురూపము. గ్రామీవారు 1989లో తొలిసారిగా ర్యాప్‌కు పురస్కార మిచ్చిరి కాని, దానిని టెలివిజన్‌లో చూప నిరాకరించిరి; గెలిచిన జాజీ జెఫ్, ఫ్రెష్ ప్రిన్స్ ఆ సభకే పోలేదు. అన్నిటికంటె పెద్ద మార్పు 1991 మే నెలలో వచ్చినది. అంతవరకు అంగళ్లవారిని అడిగి తెలిసికొన్న అంచనాలతో బిల్‌బోర్డ్ పట్టికలు కూర్చుచుండగా, నాటినుండి అంగడి యంత్రములు నమోదు చేసిన అసలు అమ్మకములను లెక్కింపసాగిరి. జూన్‌లో ఎన్.డబ్ల్యు.ఏ. రెండవ ఆల్బము ప్రథమ స్థానమున నిలిచినది. అంచనా వేయువారు చూడక విడిచినది, లెక్క చూచినది.

ఆటయు పాటయు జోస్యమును మూడును ఒక్కచోట కలిసిన ఘట్టము ఫిలడెల్ఫియాది. 2017 డిసెంబరులో ఈగిల్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్ మోకాలికి దెబ్బ తగిలి తప్పుకొనగా, ప్లేఆఫ్‌లో ఆడిన మూడు ఆటలలోను పందెగాండ్రు ఈగిల్స్ ఓటమినే సూచించిరి. మొదటి ఆటలో అట్లాంటాను 15–10తో గెలిచిన పిదప లేన్ జాన్సన్, క్రిస్ లాంగ్, ఓడునని తలపబడు జట్టును ‘అండర్‌డాగ్’ అనుటను పట్టుకొని, కుక్క ముఖపు తొడుగులు ధరించి ఆ జోస్యులను వెక్కిరించిరి. వారము తిరుగకముందే నగరమంతయు ఆ ముఖములే. మినెసోటాను 38–7తో ఓడించి 2018 ఫిబ్రవరి 4న మినియాపొలిస్‌లో మైదానమునకు దిగునప్పుడు వారు మ్రోగించుకొన్నది, తమ నగరపు ర్యాప్ గాయకుడు మీక్ మిల్ 2012లో వెలువరించిన ‘డ్రీమ్స్ అండ్ నైట్‌మేర్స్’. ఆ గాయకుడు నాడు చెఱసాలలో నుండెను. ఈగిల్స్ 41–33తో పేట్రియట్స్‌ను గెలిచిరి. ఆ వత్సరమే మే నెలలో అత్యున్నత న్యాయస్థానము క్రీడా పందెములను అనుమతించుట రాష్ట్రముల యిష్టమని తీర్పు చెప్పినది. ఒకప్పుడు ఆటగాండ్రను శిక్షించిన సంఘమే కొలదికాలమునకు పందెపు సంస్థలతో ఒప్పందములు చేసికొన్నది.

ఆట నడుమ విరామమున జరుగు సంగీత ప్రదర్శనములోనికి ర్యాప్ ప్రధాన గానముగా వచ్చుటకు మఱికొంత కాలము పట్టినది. 1967 నాటి తొలి ఆటలో విరామమున వినబడినవి కళాశాలల బ్యాండ్లు. 2022 ఫిబ్రవరి 13న, కాంప్టన్‌కు చేరువనే యున్న ఇంగిల్‌వుడ్‌లో డాక్టర్ డ్రే, స్నూప్ డాగ్, ఎమినెమ్, కెండ్రిక్ లమార్, మేరీ జె. బ్లైజ్ కూడి పాడిరి. ఎఫ్.బి.ఐ. లేఖ ఆక్షేపించిన బృందపువాడు దేశపు పెద్ద పండుగకు సూత్రధారి యయ్యెను. 2025లో ప్రధాన గాయకుడు కెండ్రిక్ లమార్ ఒక్కడే. ఫిబ్రవరి 2న అతని ‘నాట్ లైక్ అస్’ ఐదు గ్రామీలు గెలిచియుండెను; వారము తిరుగగానే 9వ తేదీన, బేర్స్ తమ పాటను నిజము చేసికొన్న న్యూ ఆర్లియన్స్ స్టేడియముననే అతడు మైదానమున నిలిచెను. పందెగాండ్రు ఆనాడు స్వల్పపు ఆధిక్యము కట్టినది కాన్సస్ సిటీ చీఫ్స్‌కు. అతడు నోరు విప్పునప్పటికే ఈగిల్స్ 24–0తో ముందున్నారు గనుక, చీఫ్స్‌పై సొమ్ము పెట్టినవారికి ఆ రాత్రి పెట్టిన సొమ్మునకు దక్కినది పాట ఒక్కటే.