కరువు సీమలో చవక డి.వి.డి. ప్లేయరు: వొక చారిత్రక పరిశీలన

మన చరిత్ర రచనకు వొక పాత జబ్బు వుంది. కోటలు, శాసనాలు, రాజుల దానధర్మాలు చరిత్రలోకి యెక్కుతాయి గాని, కూలివాడి యింట్లో అటకమీద పడివున్న సామాను యెక్కదు. అభ్యుదయ దృక్పథం యీ జబ్బును కొంతవరకు నయం చేసింది. బావి, నాగలి, మగ్గం, అప్పుపత్రం కూడా చరిత్రకు ఆధారాలే అని నేడు అందరూ వొప్పుకుంటున్నారు. అయితే వినోద సాధనాల దగ్గరికి వచ్చేసరికి మన విమర్శకులు సైతం ముఖం తిప్పుకుంటారు. పేదవాడి శ్రమను గూర్చి రాసినంత శ్రద్ధగా పేదవాడి తీరికను గూర్చి మనం రాయలేదు.

అనంతపురం పీఠభూమిలో 2000 తర్వాతి తొలి సంవత్సరాల నుంచి దాదాపు పదిహేనేళ్లపాటు పేద, దిగువ మధ్యతరగతి యిళ్లలో కనిపించిన చవకరకం డి.వి.డి. ప్లేయరు అటువంటి వుపేక్షకు గురైన వస్తువు. (2022లో జిల్లా రెండుగా విడిపోయింది. యీ వ్యాసంలో అనంతపురం అంటే వుమ్మడి జిల్లా అని పాఠకులు గ్రహించాలి.) ఆ పెట్టెను గూర్చి రెండు అభిప్రాయాలు ప్రచారంలో వున్నాయి. వేరుశనగ పండక అప్పుల్లో మునిగినవాడికి యీ సోకు యెందుకన్నది నీతివాదుల మాట. పల్లెకు విజ్ఞానం చేరింది, ప్రజలు ముందుకు పోతున్నారన్నది వ్యాపారుల మాట. రెండూ ఆ పెట్టెను కొన్నవాడి అనుభవాన్ని విచారించకుండా చెప్పినవే. ఆ విచారణే యీ వ్యాసానికి వుద్దేశం.

చూపు యెవరి సొత్తు?

బొమ్మను కదిలించి కథ చెప్పడం యీ సీమకు కొత్త కాదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల గ్రామం. తోలును పలచగా గీకి, రంగులు దిద్ది, తెరవెనుక దీపం పెట్టి, తెల్లవార్లూ రామాయణ భారత కథలు ఆడించేవారు. ఆ ఆట చూసేందుకు మనిషికింత అని టిక్కెట్టు లేదు. వూరంతా గింజలో డబ్బో పోగుచేసి ఆడించుకునేది. అంటే అప్పట్లో చూపు వూరుమ్మడి సొత్తు. ఆ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. అప్పటికే అక్కడి కుటుంబాలనేకం బతుకుతెరువు కోసం అదే తోలుతో పట్నవాసుల యిళ్లకు లాంప్‌షేడ్లు చేసి అమ్ముతున్నాయి. ఆట పోయి దీపం మిగిలింది.

తర్వాత టూరింగు టాకీసు వచ్చింది. డేరాలోనే వర్గ విభజన స్పష్టంగా కనిపించేది: నేల, బెంచి, కుర్చీ. చూపుకు ధర కట్టడం, ఆ ధరను బట్టి మనిషి కూర్చునే చోటు నిర్ణయించడం అక్కడ మొదలైంది. హైదరాబాదులో 1977లో దూరదర్శన్ కేంద్రం వచ్చింది, 1982లో దేశంలో రంగుల ప్రసారాలు మొదలైనాయి. ఆ దశాబ్దంలోనే వీడియో పల్లెలకు చేరింది. టీవీని, వి.సి.ఆర్.ను వొక రాత్రికి అద్దెకు తెచ్చి, చందాలు వేసుకుని, గుడి ముందరో రచ్చకట్ట దగ్గరో వరుసగా మూడు సినిమాలు వేయించుకునేవారు. పెట్టె అద్దెది, చూపు మళ్లీ వూరుమ్మడిది. పెట్టుబడిదారీ విధానం యీ రాత్రులను సహించలేదు. 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించి, వీడియో దొంగతనానికి కఠినమైన శిక్షలు చేర్చారు.

యిక్కడ వొక విశేషాన్ని జ్ఞాపకం చేసుకోవాలి. తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి 1957లో 'మాయాబజార్' తీశారు. అందులో ప్రియదర్శిని అనే పెట్టె వుంది. మూత తెరిచినవారికి తమకు ప్రియమైనది అందులో కనబడుతుంది. హైదరాబాదుకు టీవీ రావడానికి యిరవై యేళ్ల ముందే, యీ కరువు సీమ బిడ్డ యింటింటి తెరను వూహించాడు. అయితే సినిమాలో ఆ పెట్టె రాజభవనంలో వుంది. అది కూలివాడి యింటికి రావడానికి యింకా యాభై యేళ్లు పట్టింది. యెట్లా వచ్చిందన్నది తర్వాతి ప్రశ్న.

చవకదనం వెనుక కథ

డి.వి.డి. ప్రమాణంపై 1995లో పెద్ద కంపెనీలు అంగీకారానికి వచ్చాయి. 1996 చివర జపానులో, 1997లో అమెరికాలో ప్లేయర్లు అమ్మకానికి వచ్చాయి. అప్పట్లో అవి ధనికుల వస్తువులు. పేటెంట్లు ప్రధానంగా రెండు కూటముల చేతిలో వుండేవి: వొకవైపు ఫిలిప్స్, సోనీ, పయొనీర్, రెండోవైపు తోషిబా, హిటాచీ, మత్సుషిటా మొదలైనవి. కొద్ది యేళ్లలో చైనా ఫ్యాక్టరీలు ప్రపంచానికి కావలసిన ప్లేయర్లలో అధిక భాగం తయారుచేయసాగాయి. ధర పడిపోయింది. ధర పడగానే పేటెంటు కూటములు చైనా తయారీదార్ల మీద పడ్డాయి. 2002లో ఆ తయారీదార్లు ప్లేయరు వొక్కింటికి కొన్ని డాలర్ల చొప్పున రాయల్టీ కట్టడానికి వొప్పుకోవలసి వచ్చింది. పెట్టెను చేసిన చేతికి దక్కే లాభం కన్నా, దాన్ని గూర్చి కాగితం దగ్గర పెట్టుకున్నవాడికి దక్కే భాగం పెద్దదని ఆ తయారీదార్లు మొరపెట్టుకున్నారు.

కంపెనీలు ప్రపంచాన్నే మండలాలుగా చీల్చాయి. భారతదేశం 5వ మండలం. కువైట్ మొదలైన గల్ఫు దేశాలు 2వ మండలం. వొక మండలం డిస్కు మరొక మండలం ప్లేయరులో ఆడకూడదన్నది నియమం. అనగా కదిరి ప్రాంతం నుంచి కువైట్‌కు పనికి పోయిన మనిషి అక్కడ కొన్న డిస్కు, కంపెనీల లెక్క ప్రకారం, సొంత యింట్లో ఆడరాదు. చవక ప్లేయర్లలో చాలావాటికి యీ తాళం వుండేది కాదు. ఖరీదైన యంత్రం నియమాన్ని పాటించింది. చవక యంత్రం సరిహద్దును లెక్కచేయలేదు.

మన పల్లెల్లోకి మొదట వచ్చింది వి.సి.డి. దాని ప్రమాణం 1993 నాటిది. వొక డిస్కులో పట్టేది డెబ్భై నాలుగు నుంచి ఎనభై నిమిషాలు. గనుక తెలుగు సినిమాకు రెండు, వొక్కోసారి మూడు డిస్కులు కావాలి. డి.వి.డి. ప్లేయరు రెండు రకాల డిస్కులూ ఆడుతుంది గనుక జనం దాన్ని కొన్నారు. దశాబ్దం మధ్యకు వచ్చేసరికి మోజర్ బేర్ అనే భారతీయ కంపెనీ వి.సి.డి.ని 28 రూపాయలకు, డి.వి.డి.ని 34 రూపాయలకు అమ్మసాగింది. దొంగ డిస్కు ధరకే అసలు డిస్కు దొరికింది. యిన్నాళ్లూ నీతి బోధించి ఆపలేకపోయిన దొంగతనాన్ని ధర తగ్గింపు చాలావరకు అనవసరం చేసింది. దొంగతనమని పిలిచినదానిలో యెంత భాగం కేవలం పేదరికమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

యజమాని అనుభవం

కొన్నవారికి ఆ పెట్టెతో కలిగిన మొదటి అనుభవం కరెంటు. పల్లెలో సాయంత్రం వోల్టేజి దిగజారుతుంది. ట్యూబులైటు వెలగదు, ఫ్యాను ఈడుస్తుంది. ప్లేయరు మాత్రం ఆడుతుంది. దాని లోపలి సప్లై బోర్డు సుమారు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునేటట్టు చేసినది. అయితే వూళ్లో మోటార్లన్నీ వొక్కసారి ఆగినప్పుడు వోల్టేజి యెగసిపడితే ఆ బోర్డే కాలిపోతుంది. బోరుబావి మోటారుకు, డి.వి.డి. ప్లేయరుకు వొకే ట్రాన్స్‌ఫార్మరు. వ్యవసాయ సంక్షోభం యింటి తెర మీదికి యీ తీగల గుండా కూడా వచ్చింది.

రెండవది దుమ్ము. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానే యీ పీఠభూమికి గతి. నైరుతి మేఘం పడమటి కనుమల దగ్గరే ఖాళీ అవుతుంది, ఈశాన్యం యిక్కడికి చేరేసరికి అలిసిపోతుంది. జూన్, జూలై నెలల్లో వాన బదులు గాలి వస్తుంది. రామగిరి కొండలమీద గాలిమరలను తిప్పే ఆ గాలే యెర్రటి దుమ్మును యిళ్లలోకి తోస్తుంది. డి.వి.డి. మీద గాడికీ గాడికీ మధ్య యెడం 0.74 మైక్రాన్లు, అంటే మన వెంట్రుక మందంలో సుమారు వందోవంతు. దాన్ని చదివే లేజరు కంటి మీద సన్నని దుమ్ము పొర పడితే చాలు, బొమ్మ చదరాలుగా చీలిపోతుంది, తర్వాత తెరమీద 'నో డిస్క్' అని పడుతుంది. మా యింట్లో వున్న పెట్టె కూడా మూడో వేసవికి అట్లాగే గుడ్డిదైంది. డిస్కును పంచె కొంగుతో తుడవడం, టూత్‌పేస్టుతో రుద్దడం, మూత విప్పి దూదితో లెన్సు తుడవడం, ట్రే బయటికి రాకపోతే పిడికిలితో తట్టడం - యిదంతా యింటింటి వైద్యం. జపాను ప్రయోగశాలలో పుట్టిన యంత్రం అనంతపురం గాలిని వూహించలేదు. ఆ లోటును పూరించినవారు కదిరి, హిందూపురం, గుంతకల్లు వీధుల్లో చిన్న బంకుల్లో కూర్చున్న రిపేరు కుర్రవాళ్లు. యే కాలేజీలోనూ చదవని వారి విద్య కూడా మన సాంకేతిక చరిత్రలో భాగమే.

మూడవది ముక్కలైన కథ. రెండో డిస్కు గీతలు పడి ఆడకపోతే సినిమా యింటర్వెల్ దగ్గరే ముగుస్తుంది. ముగింపు యెరుగని సినిమాలు వున్న యిళ్లు యెన్నో.

నాలుగవది, అతి ముఖ్యమైనది: ఆ పెట్టెలో జనం తమను తాము చూసుకున్నారు. పెళ్లి వీడియో తీయించి డిస్కుగా తెచ్చుకోవడం యీ కాలంలోనే మామూలైంది. అంతకు ముందు పేదవాడి ముఖం తెరమీద వుంటే అది నేపథ్యంలో గుంపులోనే. పెళ్లి డిస్కులో అతనే నాయకుడు, అతని తల్లి, మేనమామ, వూరి వీధి ముఖ్యపాత్రలు. బెంగుళూరుకు కూలికి పోయిన కొడుకు యింటికి వచ్చినప్పుడు, చనిపోయిన తాతను మళ్లీ చూడాలన్నప్పుడు తీసేది ఆ డిస్కునే. కె.వి.రెడ్డి ప్రియదర్శినికి అసలైన అర్థం యిక్కడ సిద్ధించింది.

సోకా, అవసరమా?

యిప్పుడు నీతివాదుల ప్రశ్నకు రావాలి. 2006 ఫిబ్రవరి 2న దేశంలో వుపాధి హామీ పథకాన్ని ప్రారంభించింది యీ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. అప్పటి దినకూలి 80 రూపాయలు. రెండు వేల రూపాయల లోపు దొరికే ప్లేయరు అంటే సుమారు యిరవై అయిదు రోజుల మట్టి పని. తేలికైన ఖర్చు కాదు, నిజమే. కాని అప్పుకు కారణం అదా? రైతును ముంచింది వొకే పంటమీద ఆధారపడిన సేద్యం, వాన మొండిచేయి, ప్రైవేటు వడ్డీ, నీళ్లు పడని బోరు. నీళ్లు పడని వొక్క బోరుకు పెట్టిన ఖర్చుతో పదికి పైగా ప్లేయర్లు వచ్చేవి. బోరు వేయించినవాణ్ణి వివేకవంతుడని, ప్లేయరు కొన్నవాణ్ణి దుబారా మనిషని అనడంలో వున్న తర్కం వర్గతర్కం. పేదవాడు కష్టపడటానికి మాత్రమే పుట్టాడు, ఆనందించడానికి కాదు అనే భావం దాని అడుగున వుంది.

ఆడవారి సంగతి మరీ విచారించవలసినది. రాత్రి ఆటకు పట్నం పోవడం అప్పటి పల్లె స్త్రీకి సులభం కాదు. మధ్యాహ్నం వేరుశనగకాయలు వొలుస్తూ, చేతులు పనిలో వుండగానే, నలుగురు అమ్మలక్కలు వొక యింట చేరి సినిమా చూడటం యీ పెట్టె వల్లనే సాధ్యమైంది. నచ్చని చోట ఆపి, నచ్చిన పాట మళ్లీ వేసుకునే అధికారం ఆమె చేతిలోని రిమోటుకు వచ్చింది. యిది చిన్న విషయమని చెప్పేవారు యెన్నడూ అధికారం లేకుండా బతికినవారు కారు.

అయితే వ్యాపారుల వాదాన్ని కూడా మనం అంగీకరించజాలము. యంత్రం కూలివాడి చేతికి వచ్చింది గాని బొమ్మ రాలేదు. అదే కాలంలో 'సమరసింహారెడ్డి' (1999), 'నరసింహనాయుడు' (2001), 'ఇంద్ర' (2002) వంటి చిత్రాలు సీమను కత్తుల నేలగా, సుమోల దుమ్ముగా చూపించాయి. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'లో చూసిన కరువు, సింగమనేని నారాయణ కథల్లోని రైతు ఆ తెరమీద ముఖ్యపాత్రలు కాలేదు. అనంతపురం కూలివాడు తన యింట్లో, తన డబ్బుతో కొన్న పెట్టెలో, తన నేలను గూర్చి యితరులు అల్లిన అబద్ధాన్ని మళ్లీ మళ్లీ చూశాడు. పైగా రచ్చకట్ట దగ్గర చేరిన గుంపు గదుల్లోకి చీలిపోయింది. వుమ్మడిగా నవ్వడం, తిట్టడం, వాదించడం తగ్గాయి. సాధనం ప్రజలకు చేరినంత మాత్రాన సంస్కృతి ప్రజలది కాదు. సాధనంతోపాటు సృష్టి కూడా వారి చేతికి రావాలి.

మన ముందున్న పని

ఆ కాలం ముగిసింది. 2016లో చవక ఇంటర్నెట్ వచ్చాక ఫోను ప్లేయరును అటక యెక్కించింది. మోజర్ బేర్ 2018లో దివాలా తీసి లిక్విడేషన్‌కు పోయింది. వూరుమ్మడి తెర యింటి తెర అయినట్లే, యింటి తెర యిప్పుడు మనిషికొక తెర అయింది. ఫోనులోని సినిమా చూసేవాడి సొత్తు కూడా కాదు. కంపెనీ తలచుకుంటే రేపు తీసివేస్తుంది. గీతలు పడ్డదైనా, 34 రూపాయల డిస్కు కొన్నవాడిదే.

అటకలమీద వేల డిస్కులు మిగిలివున్నాయి. సినిమాలు పోతే పోనివ్వండి, అవి మరోచోట దొరుకుతాయి. పెళ్లిళ్లు, జాతరలు, బొమ్మలాటలు, పాటల దళాల ప్రదర్శనలు రాసుకున్న డిస్కులు మరెక్కడా దొరకవు. అటువంటి డిస్కులో బొమ్మను నిలిపేది వొక రంగు పొర. ఎండకు, వేడికి అది చెడిపోతుంది. మన వేసవి యెటువంటిదో చెప్పనక్కరలేదు. రాజుల శాసనాలు రాతిమీద వున్నాయి గనుక వెయ్యేళ్లు నిలిచాయి. పేదల శాసనాలు యీ పలచని పొరమీద వున్నాయి, యిరవై యేళ్లకే చెరిగిపోతున్నాయి.

కనుక మన కాలేజీలలోని చరిత్ర, తెలుగు శాఖల అధ్యాపకులు, విద్యార్థి మిత్రులు యీ పని వెంటనే చేపట్టాలి. సెలవుల్లో వొక్కొక్క విద్యార్థి తన వూళ్లో పది యిళ్లకు పోయి, యజమానుల అనుమతితో అటువంటి డిస్కులకు ప్రతులు తీసి, యెవరు, యెక్కడ, యే సంవత్సరం అని రాయించుకుని భద్రపరచాలి. ఆడే ప్లేయరు వొకటి కాలేజీలో బాగుచేయించి వుంచాలి. బాగుచేయగల ఆ రిపేరు కుర్రవాడు యిప్పుడు నడివయసువాడై వుంటాడు. అతన్ని పిలిచి క్లాసులో మాట్లాడించాలి. యిందుకు పెద్ద నిధులు అక్కరలేదు, ఆలస్యం మాత్రం పనికిరాదు.