నురగ ఎవరి కోసం?

మంచి షేవింగ్ సబ్బు ఏది అనే ప్రశ్న స్త్రీల పత్రికల్లో ఎప్పుడూ రాదు. అది మగవాళ్ళ స్నానాలగది వ్యవహారం. నురగ బాగా రావాలి, గీసుకున్నాక చర్మం మండకూడదు, వాళ్ళు కోరేది ఈ రెండే. చూడటానికి చాలా చిన్న కోరిక. కానీ చరిత్రలో ఈ కోరిక కోరే హక్కు ఎవరికి ఉండింది, ఎవరికి లేదు అని వెతుక్కుంటూ పోతే ఇది అంత చిన్న విషయం కాదని నాకు అర్థమయింది. కత్తి స్త్రీల శరీరాల మీదికీ వచ్చింది. మతం పేరుతో తల మీదికి వచ్చింది. వైద్యం పేరుతో కాన్పుకు సిద్ధమయిన ఒంటి మీదికి వచ్చింది. అందం పేరుతో కాళ్ళ మీదికి, చంకల్లోకి వచ్చింది. నురగ మాత్రం కత్తి వెంట ప్రతిసారీ రాలేదు. ఎక్కడ వచ్చింది, ఎక్కడ రాలేదు, ఎందుకు రాలేదు అన్నదే ఈ వ్యాసం.

ముందు నురగ చేసే పని ఏమిటో చూద్దాం. పొడి వెంట్రుక గట్టిది. రెండు మూడు నిమిషాలు నానితే నీటిని పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది. అప్పుడు దాన్ని కోయడానికి బ్లేడుని నొక్కనక్కరలేదు. కానీ ఉత్త నీళ్ళు చర్మం మీద నిలవవు, జారిపోతాయి, ఆరిపోతాయి. నీటిని వెంట్రుక చుట్టూ పట్టి ఉంచేది నురగ. బ్లేడుకీ చర్మానికీ మధ్య జారుడు పొరగా ఉండేదీ అదే. నానని వెంట్రుకని మొండి బ్లేడుతో నొక్కి, ఎదురు గీస్తే చర్మం పైపొర కూడా గీరుకుపోతుంది. ఆ ఎరుపు, ఆ మంట, తర్వాత లేచే పొక్కులు అలా వచ్చేవే.

ఒంటిసబ్బు నురగ దీనికి పనికిరాదు. దాని బుడగలు పెద్దవి, నిమిషంలో ఆరిపోతాయి. షేవింగ్ సబ్బు తయారీలో స్టియరిక్ ఆమ్లం ఎక్కువ వేస్తారు. కాస్టిక్ సోడాతో పాటు కాస్టిక్ పొటాష్ కూడా వాడతారు. అందువల్ల సబ్బు మెత్తగా ఉండి తొందరగా కరుగుతుంది. నురగ సన్నటి బుడగలతో, వెన్నలాగా చిక్కగా వచ్చి నిలబడుతుంది. కొబ్బరినూనె కొంత ఉంటే నురగ త్వరగా లేస్తుంది, మరీ ఎక్కువయితే చర్మం పొడిబారుతుంది. గ్లిజరిన్ తేమని ఆపుతుంది. నీళ్ళ సంగతి కూడా ఉంది. మన బోరునీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టు కడతాయి గాని నురగ రానివ్వవు. ఇదంతా రహస్య విద్య కాదు. చర్మం నొప్పిపడకుండా కత్తి వాడటం ఎలాగో లోకానికి ఎప్పుడో తెలుసు. ఆ తెలిసినదాన్ని ఎవరి చర్మం కోసం వాడారన్నదే అసలు ప్రశ్న.

మగవాడి ముఖం కోసం చాలానే వాడారు. 1840లో అమెరికాలోని కనెక్టికట్‌లో జేమ్స్ విలియమ్స్ మొదలుపెట్టిన కంపెనీ షేవింగ్ సబ్బుతోనే పేరు తెచ్చుకుంది. 1903లో జిలెట్ కంపెనీ అమ్మినవి 51 రేజర్లు, 168 బ్లేడులు. ఆ తర్వాత పదిహేనేళ్ళకి, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా ప్రభుత్వం తన సైనికుల కోసం సుమారు 35 లక్షల రేజర్లు తీసుకుంది. విషవాయువు ముసుగు ముఖానికి గట్టిగా అతుక్కోవాలంటే గడ్డం ఉండకూడదు కదా.

ఆ యుద్ధకాలంలోనే ఇంకొక సంగతి జరిగింది. శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకలతో చేసిన షేవింగ్ బ్రష్‌ల వల్ల బ్రిటన్‌లో, అమెరికాలో సైనికులకీ మామూలు మగవాళ్ళకీ ఆంత్రాక్స్ సోకింది. గీసుకునేటప్పుడు పడిన చిన్న గాట్లలోంచి రోగం లోపలికి పోయింది. ప్రభుత్వాలు వెంటనే కదిలాయి. జపాన్ నుంచి వచ్చే షేవింగ్ బ్రష్‌ల దిగుమతిని బ్రిటన్ 1920లో నిషేధించింది. కొద్ది ఏళ్ళలో పని పూర్తయింది. ఈ తేదీని గుర్తుపెట్టుకుందాం, మళ్ళీ అవసరమవుతుంది.

ఇప్పుడు మన పెరట్లోకి వద్దాం. దక్కను బ్రాహ్మణుల్లో వితంతువులందరికీ పదిహేను రోజులకొకసారి తల గొరిగించడం తప్పనిసరి అని పండిత రమాబాయి 1887లో రాసింది. తెలుగు బ్రాహ్మణ ఇళ్ళూ ఇందుకు భిన్నం కాదు. మనం చదువుకున్న సంస్కరణోద్యమ చరిత్రలో 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం జరిపించిన వితంతు వివాహానికి పెద్ద చోటుంది, ఉండాలి కూడా. కానీ మళ్ళీ పెళ్ళి చేసుకోని, చేసుకోలేని వేలమంది తలల మీద పదిహేను రోజులకొకసారి నడిచిన కత్తి గురించి మనకి తెలిసినది తక్కువ.

నాకు తెలిసిన కొంచెమూ మా నాన్నమ్మ చెప్పినదే. ఆవిడ పిన్ని పన్నెండో ఏట భర్త పోయి పుట్టింటికి వచ్చింది. తెల్లవారకముందే పెరట్లో బావి గట్టు దగ్గర కూచునేది. మంగలి దొడ్డిదారిన వచ్చేవాడు. చెంబుడు చన్నీళ్ళు, వేళ్ళతో తడపడం, కత్తి. అంతే. చలికాలంలో రక్తం చిమ్మేదట. అయ్యాక తడిగుడ్డ చుట్టుకుని సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడేది కాదట. "నెత్తి మండుతోందా పిన్నీ అని ఒకసారి అడిగానే, మా అమ్మ నా వీపు మీద ఒకటి చరిచింది" అని నాన్నమ్మ చెప్పేది. నొప్పి గురించి అడగడమే తప్పయిన చోట సబ్బు గురించి ఎవరు అడుగుతారు?

ఆ రోజుల్లో ఊళ్ళో మగవాళ్ళకీ నీళ్ళతోనే గీసేవారు కదా అనవచ్చు. నిజమే. కానీ మగవాడు అరుగు మీద కూచుని, మెల్లిగా కానివ్వరా అని కసిరి, పటిక రాయించుకుని లేచేవాడు. షేవింగ్ సబ్బు, కుంచె మన ఊళ్ళలోకి వచ్చినప్పుడు కూడా మొదట వచ్చింది ఆ ముఖం కోసమే. పెరట్లోకి అది రాలేదు. సుఖమిచ్చేవన్నీ వితంతువుకి నిషిద్ధమయినప్పుడు వాసన సబ్బు ఎలా వస్తుంది? మంట శిక్షలో భాగమే.

మన భాష ఆ కత్తిని బాగా గుర్తుపెట్టుకుంది. ఈనాటికీ ఆడదాన్ని తిట్టడానికి వాడే "ముండ" అనే మాటకి మూలం గొరిగిన తల. "బోడి" అంటే వెంట్రుకల్లేనిదని అర్థం. దానికి విలువలేనిదనే అర్థం కూడా వచ్చి చేరింది. గొరిగించినవాళ్ళకి భాషలో తిట్టు లేదు. గొరగబడిన ఆమే తిట్టయింది.

కత్తి పట్టుకున్న చెయ్యి గురించి కూడా మాట్లాడాలి. ఆ చెయ్యి కులవృత్తికి కట్టుబడిన చెయ్యి. అతను తాకితే స్నానం చేయాలి, అతను రాకపోతే ఇంటికి మైల పోదు. కాదనే హక్కు ఆమెకి లేదు, అతనికీ లేదు. అందుకే 1890 బొంబాయి నాకు చాలా ముఖ్యం. జోతిబా ఫూలే సత్యశోధక ఉద్యమంలోంచి వచ్చిన కార్మిక నాయకుడు నారాయణ్ మేఘాజీ లోఖండే పూనికతో అక్కడి క్షురకులు సభ పెట్టుకుని, వితంతువుల తలలు గొరగబోమని తీర్మానించుకున్నారు. పెద్ద కులాల పండితులు శాస్త్రాలు తిరగేస్తూ వాదించుకుంటున్న రోజుల్లో, కత్తి పట్టేవాళ్ళే కత్తి కింద పెట్టారు. అగ్రకులపు ఇంట్లో పుట్టిన నాలాంటివాళ్ళు ఈ సంఘటనని మా పూర్వీకుల దయగా కాక వాళ్ళ నిరాకరణగా చదవడం నేర్చుకోవాలి.

ఆ కులపు స్త్రీలే చాలా ఊళ్ళలో మంత్రసానులు. కాన్పు వాళ్ళ చేతుల్లోంచి ఆసుపత్రికి మారడంతో ఇంకొక కత్తి వచ్చింది. పాశ్చాత్య దేశాల్లో పంతొమ్మిదో శతాబ్దం చివర సూక్ష్మజీవుల సిద్ధాంతం స్థిరపడ్డాక, ప్రసవానికి ముందు మర్మాంగాల దగ్గర వెంట్రుకలు గొరగడం ఆసుపత్రుల్లో ఆచారమయింది. అవే పాఠ్యపుస్తకాలు చదివిన మన ఆసుపత్రులకీ ఆ ఆచారం వచ్చింది.

1990ల్లో నా మొదటి కాన్పు ఒక ఆసుపత్రిలో జరిగింది. నొప్పికీ నొప్పికీ మధ్య ఆయమ్మ వచ్చి చీర పైకి తీయమంది. ఆమె చేతిలో సగానికి విరిచిన బ్లేడు తప్ప ఏమీ లేదు. "కొంచెం సబ్బయినా రాస్తారా అమ్మా?" అని అడిగాను. "ఇదేమన్నా సెలూనా?" అంది. గట్టిగా నవ్వింది కూడా. తర్వాత వారం రోజులు కుట్ల నొప్పి గురించి అందరూ అడిగారు. ఆ మంట, ఆ దురద, లోపలికి తిరిగి పెరిగిన వెంట్రుకల పొక్కుల గురించి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆయమ్మ మీద నాకు కోపం లేదు. ఆమెకి ఇచ్చినదే ఒక బ్లేడు. ఆమె మాట మాత్రం చాలా సరయినది. సెలూన్లో కూచున్నవాడు డబ్బిచ్చిన మనిషి, నురగ అతని హక్కు. ఇక్కడ పడుకున్నది పేషెంటు.

అసలు ఆ బ్లేడుకే అవసరం లేదని ఎప్పుడు తెలిసింది? 1922లో. అమెరికాలో జాన్‌స్టన్, సిడాల్ అనే వైద్యులు 389 మంది గర్భిణుల మీద చేసిన పరిశీలనలో గొరగడం వల్ల ఇన్‌ఫెక్షన్లు తగ్గలేదు. ఆంత్రాక్స్ బ్రష్‌ల నిషేధానికి అది కేవలం రెండేళ్ళ తర్వాతి సంగతి. అక్కడ మగవాడి చెంప మీద గాటు ప్రభుత్వాలని కదిలించింది. ఇక్కడ పరిశీలన అచ్చయినా ఆచారం ఆగలేదు. 1971లో సెరోపియన్, రెనాల్డ్స్ 406 ఆపరేషన్లని పరిశీలించి, రేజరుతో గొరిగినవాళ్ళలో 5.6 శాతం మందికి ఇన్‌ఫెక్షన్ వస్తే, గొరగనివాళ్ళలో, వెంట్రుకలు రాల్చే క్రీము రాసినవాళ్ళలో 0.6 శాతం మందికే వచ్చిందని చూపారు. బ్లేడు చేసే సన్నటి గాట్లే సూక్ష్మజీవులకి దారి. 1980లో బ్రిటన్‌లో మోనా రామ్నీ ప్రసవానికి ముందు గొరగడాన్ని స్త్రీ మీద జరిగే దాడిగానే ప్రశ్నించింది. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫోర్టలేజా సమావేశం దీని అవసరం లేదని చెప్పింది. 2018లో అదే సంస్థ ప్రసవ మార్గదర్శకాల్లో మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

ఆపరేషన్‌కి ముందు మగవాళ్ళకీ గొరిగేవారు కదా అంటే, గొరిగేవారు. కానీ మామూలు కాన్పు ఆపరేషన్ కాదు. ఆరోగ్యంగా ఉన్న స్త్రీ శరీరాన్ని మురికిదిగా అనుకోవడం పాత మైల భావనే. తెల్లకోటు వేసుకుని వచ్చింది, అంతే.

మూడో కత్తి బజారుది. 1915లో జిలెట్ స్త్రీల కోసం "మిలాడీ డెకొల్టే" అనే మొదటి రేజరు తెచ్చింది. చేతుల్లేని జాకెట్లు ఫ్యాషనయిన కాలం అది. ఆ ఏడాదే అమెరికా పత్రికల్లో చంకల వెంట్రుకలు అభ్యంతరకరమని చెప్పే ప్రకటనలు మొదలయ్యాయి. రెండో ప్రపంచయుద్ధంలో నైలాన్ మేజోళ్ళు దొరక్క కాళ్ళు బయటపడ్డాయి, కాళ్ళు గీసుకోవడం పెరిగింది. 1964 నాటికి 15 నుంచి 44 ఏళ్ళ అమెరికన్ స్త్రీలలో 98 శాతం మంది కాళ్ళు గీసుకుంటున్నారని సర్వేలు చెప్పాయి. ఇక్కడ మాత్రం నురగ వచ్చింది. గులాబీ రంగు డబ్బాలో, పూల వాసనతో వచ్చింది. ఎందుకంటే ఈసారి స్త్రీ డబ్బిచ్చే మనిషి. నీ వెంట్రుకలు సిగ్గుపడాల్సినవి అని ముందు ఒప్పించి, ఆ తర్వాత నొప్పి లేకుండా గీసుకునే సాధనం అమ్మారు.

అలాగని గీసుకునే స్త్రీలందరూ మార్కెట్‌కి లొంగిపోయారని తీర్పు చెప్పలేను. పీసీఓఎస్ వల్ల గడ్డం మీద వెంట్రుకలు వచ్చే అమ్మాయిలు నా క్లాసుల్లో ఉన్నారు. ట్రాన్స్ స్త్రీలకి రోజూ గీసుకోవడం వీధిలో భద్రతకి సంబంధించిన విషయం. వీళ్ళలో చాలామంది తలుపు గడియపెట్టుకుని, అన్న రేజరో నాన్న రేజరో తీసుకుని, పొడిగా, గబగబా గీసుకుంటారు. మర్నాటికి చెంప ఎర్రబడుతుంది, పొక్కులు లేస్తాయి, దాచుకోవడానికి పౌడరు. సబ్బు కొనలేక కాదు. నురగకి రెండు నిమిషాల తీరిక కావాలి, వెలుతురున్న అద్దం కావాలి, ఎవరయినా తలుపు తడితే భయపడనక్కరలేని ఇల్లు కావాలి. సిగ్గు ముందుగా లాక్కునేది ఆ రెండు నిమిషాల్నే.

అందుకని మగవాళ్ళ పత్రికల్లో వచ్చే సలహాని ఈ పత్రికలోనూ రాస్తున్నాను. స్టియరిక్ ఆమ్లం, గ్లిజరిన్ ఉన్న సబ్బు తీసుకోండి. ఘాటయిన సెంటు, మెంథాల్ ఉన్నవి వద్దు. మెంథాల్ చల్లగా అనిపిస్తుందే గాని గీరుకుపోవడాన్ని ఆపదు. గోరువెచ్చని నీళ్ళతో ముందు తడపండి. బోరునీళ్ళయితే ఆర్వో నీళ్ళో వాననీళ్ళో ఒక గిన్నెడు పట్టుకోండి. బుడగలు కంటికి కనబడనంత సన్నగా అయ్యేదాకా నురగ కలిపి, రెండు నిమిషాలు ఉంచండి. కొత్త బ్లేడు, వెంట్రుక వాలు వైపు, నొక్కకుండా. మీ రేజరు మీదే, ఇంకొకరిది వద్దు.

కాన్పుల గదిలో మాత్రం సబ్బు అడగడం చాలదు. మన కూతుళ్ళతో, కోడళ్ళతో ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, బ్లేడు కనబడితే, అసలు ఎందుకు గొరగాలి అని డాక్టరునే అడగాలి. జవాబు 1922 నుంచీ ఉంది.