రామప్పంతులు వేసిన శంకరశాస్త్రి

టెక్కలికి నైరుతి దిక్కున, నరసన్నపేట ప్రాంతమున లుకలాం అగ్రహారమను గ్రామము కలదు. జె.వి. సోమయాజులు గారు అచ్చటివారు. 1980లో వెలువడిన శంకరాభరణము మూలమున లోకము వారిని శంకరశాస్త్రిగానే యెరుగును. అప్పటికి వారు ఏబదియేండ్లు దాటినవారు. రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు. అంతకు పూర్వమే తమ్ముడు రమణమూర్తి గారితో గూడి కన్యాశుల్క నాటకమును ఏండ్ల తరబడి ఆడిరి. తమ్ముడు గిరీశము, అన్న రామప్పంతులు.

ఆ నాటకము ఉబుసుపోకకు పుట్టినది కాదు. విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో 1,034 కన్యాశుల్క వివాహములు లెక్కకు వచ్చెనని గురజాడవారు 1897 నాటి పీఠికలో వ్రాసిరి. సొమ్ము పుచ్చుకొన్నామని ఒప్పుకొనని తండ్రులెందరో!

ఈ రెండు వేషములను ప్రక్కప్రక్కన నిలిపి చూడుడు. రామప్పంతులు మధురవాణిని ఉంచుకొని, పైకి పెద్దమనిషియై, పసిపిల్లల పెండ్లి బేరములలో లాభము వెదకును. శంకరశాస్త్రియో, వేశ్యాకులమున బుట్టిన తులసికి ఇంట తావిచ్చి, ఊరి నిందకు జంకడు. మొదటివాని డొల్ల పెద్దరికమును అన్నియేండ్లు మోసి చూచినందుననే రెండవవాని నిబ్బరము వారి ముఖమున సహజముగా నిలిచెనని నా తలంపు. చిత్రమును మెచ్చిన గృహస్థులలో నాటకమును తలచినవారు కొందరే.

సోమయాజులు గారు 2004లో గతించిరి. గిరీశము వేసిన తమ్ముడు 2016 వరకు జీవించిరి.