ఘంటసాల జయంతులు – మరచిన ప్లేటు

ప్రతి సమాజమూ తన కళాకారుల జయంతులు జరుపుకుంటుంది. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ కళాకారుడి జీవితంలోంచి ఏ ముక్కను ఏరుకుని దండ వేస్తున్నారో చూస్తే, ఆ దండ వేసే చేతులు ఎవరివో తెలుస్తుంది. ఘంటసాల వెంకటేశ్వరరావు పేర యీ మధ్య మన జిల్లాల్లో జరిగిన ఉత్సవాలను యీ దృష్టితో పరిశీలించాలని నా ఉద్దేశం.

2022 డిసెంబరు 4న ఆయన పుట్టి నూరేళ్ళు నిండాయి. 2024 ఫిబ్రవరి 11న ఆయన పోయి యాభై ఏళ్ళయింది. ఆయన పాడిన భగవద్గీత రికార్డుకి కూడా అదే ఏడాది యాభై నిండాయి. ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ నేను వెళ్ళిన సభలన్నింటిలోనూ వక్తలు చెప్పింది ఒక్కటే: ఘంటసాల గాన గంధర్వుడు, గీతను మనకిచ్చి ధన్యుడైనాడు. ఈ మాటలో అబద్ధం లేదు. కాని సగం చరిత్ర మాత్రమే ఉన్నది. మిగతా సగం ఎందుకు చెప్పలేదన్నదే నా ప్రశ్న.

ఇటువంటి ఉత్సవాలు మనకే పరిమితం కావు. పాశ్చాత్య దేశాల్లో గాయకుల జయంతులతోబాటు ప్లేట్లకు కూడా జయంతులు చేస్తారు. బీటిల్స్ బృందం 1967లో ఇచ్చిన 'సార్జెంట్ పెప్పర్' ప్లేటుకి 2017లోనూ, పింక్ ఫ్లాయిడ్ బృందం 1973లో ఇచ్చిన 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' కి 2023లోనూ యాభయ్యో పండుగ చేశారు. పాత పాటలనే కొత్త పెట్టెల్లో పెట్టి మళ్ళీ అమ్మారు. లివర్‌పూల్ రేవుపట్టణపు కుర్రవాళ్ళ గొంతు ఆ విధంగా అరలో పెట్టుకునే సామాను అయిపోయింది.

ఇక్కడొక విషయం పాఠకులు గమనించాలి. ఆ రెండు ప్లేట్లనూ ఇంగ్లాండులో అమ్మినది ఇ.ఎం.ఐ. కంపెనీ. మన దేశంలో కుక్కబొమ్మ గుర్తుతో ఘంటసాల ప్లేట్లు అమ్మిన గ్రామఫోను కంపెనీ ఆ ఇ.ఎం.ఐ. కి అనుబంధమే. దాని ఫ్యాక్టరీ కలకత్తా దగ్గర డండంలో ఉండేది. లండను కుర్రవాడి రాక్ సంగీతమూ, కొల్లేటి లంకలో వినిపించే గీతా శ్లోకమూ ఒకే పెట్టుబడి నీడలో అచ్చయినాయన్నమాట. 1980ల నడుమ ఆ భారతీయ కంపెనీ కలకత్తా పెట్టుబడిదారుల చేతికి వచ్చింది. 2000లో 'సరిగమ' అని పేరు మార్చుకుంది. యజమాని మారినా సరుకు మారలేదు.

ఇక ఘంటసాల జీవితానికి వద్దాం. కొల్లేటికి దక్షిణాన గుడివాడ ప్రాంతంలోని చౌటపల్లి ఆయన పుట్టిన ఊరు. తండ్రి సూరయ్య భజనల్లో తరంగాలు పాడేవాడు. పిల్లవాడికి పదకొండేళ్ళకే తండ్రి పోయాడు. సంగీతం నేర్చుకోవాలని విజయనగరం చేరిన ఆ కుర్రవాడు పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర శిష్యుడయ్యాడు. జోలె పట్టి ఇంటింటా మధూకరం ఎత్తుకుని పొట్ట నింపుకున్నాడు. 1942 ఉద్యమంలో పాల్గొని అలీపురం జైలులో సుమారు ఏడాదిన్నర గడిపాడు. తరవాతనే మద్రాసు, రేడియో, సినిమా. సంగీతం శాస్త్రంగా నేర్చిన వాడు, ఆకలి ఎరిగిన వాడు, జైలు చూసిన వాడు. ఈ మూడూ కలిస్తేనే ఘంటసాల. సభల్లో మొదటిది చెపుతారు, రెండోది జాలిగా చెపుతారు, మూడోది ఒక్క వాక్యంతో దాటేస్తారు.

ఆ గొంతు మన పల్లెల్లోకి ఎట్లా వచ్చింది? కచేరీ సంగీతం జమీందారు దివాణంలోనూ, పట్నపు సభల్లోనూ ఉండేది. కూలివాడు గుమ్మం బయట నిలబడి వినవలసిందే. గ్రామఫోను ప్లేటు ఆ గుమ్మాన్ని కొంత పగలగొట్టింది. ఒక పక్కకి మూడు, మూడున్నర నిమిషాలు మాత్రమే పట్టే ఆ ప్లేటు మైకుసెట్టు షాపు ద్వారా పెళ్ళిపందిట్లోకీ, తిరునాళ్ళకీ వచ్చింది. ఊరూరా టూరింగు టాకీసులు వెలిశాయి. తాడేపల్లిగూడెంలో రేలంగి వెంకట్రామయ్యే ఒక సినిమాహాలు కట్టించాడు. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. ఏలూరు జూటుమిల్లు కార్మికుడూ, కొల్లేటిలో మావులు వేసే వడ్డీలూ, డెల్టా చేలల్లో ఊడ్చే ఆడకూలీలూ ఒకే గొంతును తమదనుకోగలిగింది అప్పుడే. కంపెనీ లాభం కోసమే చేసింది, సందేహం లేదు. అయినా ఆ లాభాపేక్ష తనకు తెలియకుండానే ఒక ప్రజా శ్రోతృ సమాజాన్ని తయారు చేసింది. యంత్రాన్ని తిట్టి, దానివల్ల ప్రజలకు దక్కినదాన్ని చూడకపోవడం చారిత్రక దృష్టి అనిపించుకోదు.

గీత రికార్డు విషయమూ అంతే. ఏడువందల శ్లోకాల్లో కొన్నింటిని ఏరి, ప్రతి శ్లోకానికీ తెలుగులో తాత్పర్యం చెపుతూ ఘంటసాల పాడాడు. అది ఆయన పోయిన తరవాత 1974లో విడుదలైంది. సినిమా ఆసరా లేకుండా, ఒకే వస్తువు మీద, ఒకే గొంతుతో నడిచిన ఆ పెద్ద ప్లేటే బహుశా పాశ్చాత్యులు ఆల్బం అనే దానికి మన ఇళ్ళల్లో దగ్గరగా వచ్చిన వస్తువు. ఈ రోజు మన ప్రాంతంలో చావు జరిగిన ఇంటి ముందు అది మోగుతుంది. గూడెంలోనూ మోగుతుంది, పేటలోనూ మోగుతుంది. తరతరాలుగా సంస్కృతం చెవిన పడనివ్వని కులాల వాకిట్లో పురోహితుడి అవసరం లేకుండా శ్లోకమూ దాని అర్థమూ వినిపించటం చిన్న మార్పు కాదు. దీన్ని మూఢత్వమని ఒక్క మాటతో తోసిపుచ్చే మిత్రులతో నేను ఏకీభవించను.

కాని రెండో వైపు కూడా చూడాలి. అప్పుల పాలై పురుగుమందు తాగిన కౌలుదారు శవం ముందు, వేళకు ఆస్పత్రి చేరలేక లంకలో పడవమీదే ప్రాణం పోయిన బాలింత శవం ముందు, ఆత్మకు చావు లేదని ఆ గొంతు చెపుతూ ఉంటుంది. దుఃఖానికి ఓదార్పు కావాలి, నిజమే. అయితే ఓదార్పు ఒక్కటే మిగిలి, ఆ చావుకు కారణమేమిటన్న ప్రశ్న వినపడకుండా పోతే లాభం ఎవరికి? 1942లో ప్రశ్న అడిగి జైలుకు పోయిన గొంతును, మనం ప్రశ్న ఆగిపోయే చోట మాత్రమే వాడుకుంటున్నాం.

ఆ 1974లోనే ఆయన గొంతు మరోచోట కూడా వినిపించింది. మే 1న విడుదలైన 'అల్లూరి సీతారామరాజు' చిత్రంలో శ్రీశ్రీ రాసిన పాటను ఘంటసాల పాడాడు. ఆ పాటకు శ్రీశ్రీకి జాతీయ బహుమతి వచ్చింది. చనిపోయిన గాయకుడి గొంతు ఒకే సంవత్సరంలో రెండు ప్లేట్ల మీద తెలుగు దేశానికి వచ్చిందన్నమాట: ఒకటి చావును ఓర్చుకోమన్నది, ఒకటి లేచి నిలబడమన్నది. రెండింటికీ 2024లోనే యాభై ఏళ్ళు నిండాయి. నేను వెళ్ళిన సభల్లో పండుగ జరిగింది మొదటిదానికే.

ఇంకా వెనక్కి పోతే 1952 నాటి 'పల్లెటూరు' చిత్రం ఉన్నది. దానికి సంగీతం కూర్చినవాడు ఘంటసాలే. కమ్యూనిస్టు నాయకుడు వేములపల్లి శ్రీకృష్ణ రాసిన తెలుగుజాతి గీతాన్ని అందులో పాడి ఇంటింటి పాట చేసినవాడూ ఆయనే. ఆంధ్రరాష్ట్రం 1953లో ఏర్పడటానికి ముందటి ఆ రోజుల్లో ఆ పాట ఏ పని చేసిందో మన విద్యార్థులకు పాఠంగా చెప్పవలసిన అవసరం ఉన్నది.

జయంతుల్లో వినపడని విషయం మరొకటి ఉన్నది: శ్రమ, దాని ప్రతిఫలం. 1957 నాటి కాపీహక్కు చట్టంలో గాయకుడికి ప్రత్యేకమైన హక్కు లేదు. ప్రదర్శకుడి హక్కు అనేది 1994 సవరణతో వచ్చింది. నిర్మాత డబ్బిచ్చి చేయించుకున్న సినిమా పాటకు నిర్మాతే మొదటి హక్కుదారని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కవికీ, సంగీత దర్శకుడికీ రాయల్టీలో వాటా వదులుకోలేని హక్కుగా దక్కినది 2012 సవరణతో. అప్పటికి ఘంటసాల పోయి ముప్పయ్యెనిమిదేళ్ళు. ఆయన వెనక వయొలిను వాయించినవారూ, తబలా వాయించినవారూ ఏ ప్లేటు మీదా పేరు లేకుండానే వెళ్ళిపోయారు. గాయకుణ్ణి గంధర్వుణ్ణి చేస్తే ఒక సౌకర్యం ఉన్నది: గంధర్వుడికి కూలి ఇవ్వనక్కరలేదు.

అదే చట్టం ప్రకారం ధ్వనిముద్రణ మీద హక్కు, విడుదలైన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్ళు. 'పల్లెటూరు' ముద్రణ మీద ఆ గడువు 2012తో తీరింది. 1974 గీత ముద్రణ మీదా, ఘంటసాల కట్టిన వరసల మీదా 2034 చివరి వరకు ఉంటుంది. ఆ తరవాత అవి ప్రజల సొత్తు. ఆ రోజుకు మనం సిద్ధంగా ఉండాలి కదా?

అందుచేత ఉపాధ్యాయ మిత్రులకూ విద్యార్థులకూ నాదొక సూచన. ఇకముందు జయంతి చేస్తే విగ్రహానికి దండతో ఆపవద్దు. ఏలూరు, గూడెం, కైకలూరుల్లో మైకుసెట్లు నడిపి ముసలివాళ్ళయిన వారున్నారు. వారి దగ్గర ఏ ప్లేట్లు మిగిలాయో, ఏ ఊళ్ళో ఏ పాట ఎక్కువ అడిగేవారో, ఏ పాట పెడితే పెద్దలు ఆపమనేవారో రాసి పెట్టండి. వాద్యగాళ్ళ పేర్లు తెలిసినంతమటుకు సేకరించండి. అలీపురం జైలు సంగతి ఒక్క వాక్యంతో దాటెయ్యక పూర్తిగా చెప్పండి. సభలో గీత ప్లేటు పెట్టినవారు శ్రీశ్రీ పాట ప్లేటు కూడా పెట్టాలని అడగండి. రెండూ ఆ ఒక్క మనిషి గొంతే. రెంటినీ కలిపి విన్న తరానికి అతని చరిత్రతోబాటు తన చరిత్ర కూడా అర్థమవుతుంది.